సుత్తి ఆగిన పూట

పెద్దమేడమ్ విసిరిన పానా పంపులక్క చెవి పక్కగా దూసుకుపోయి గోడకు తగిలింది. సిమెంటు పెచ్చు ఒకటి ఊడి నేల మీద పడింది. గదిలో ఉన్న ముగ్గురూ ఆ పెచ్చు వైపే చూశారు.

"మూడేళ్ళు!" అంది పెద్దమేడమ్. "మూడేళ్ళుగా లీకు లేదు, లీకు లేదు అంటూనే ఉన్నావు. లేకపోతే గీతలు ఎందుకు రావట్లేదు? చెప్పు!"

"లీకు లేదు మేడమ్. పందొమ్మిది రోజులు వెతికాను. ప్రతి అతుకు దగ్గరా హీలియం వదిలి చూశాను. ఉన్న రాగి గాస్కెట్లన్నీ మార్చాను. ఇంకోసారి పానా విసిరితే మాత్రం నేనూ విసురుతాను. నా గురి మీ గురికన్నా నయం."

మూలన కంప్యూటరు ముందు కూర్చున్న లెక్కలాయన నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాడు. పెద్దమేడమ్ కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. అంత చదువుకున్న మనిషి అలా పానా విసరడం అదే మొదటిసారి.

ఆ ప్రయోగశాల నేల కింద రెండంతస్తుల లోతున ఉంది. నడిమధ్యన, గాలి దిండ్ల మీద నిలబెట్టిన బరువైన బల్ల, దాని మీద రెండు మంచాల పొడవున్న ఉక్కు గొట్టం. గొట్టం ఒక చివర నుంచి చిన్న చిన్న కణాలు బయలుదేరతాయి. చిన్నవంటే కంటికి మాత్రమే. ఒక్కొక్కటీ వేల పరమాణువుల ముద్ద. దారిలో మూడు జల్లెడలుంటాయి. కణాన్ని ఎవరూ తాకకపోతే అది రాయిలా ఒక కన్నంలోంచి దూరిపోదు. అలలా పరుచుకుని ఒకేసారి రెండు దారుల్లో వెళుతుంది. అలా వెళ్ళిందనడానికి సాక్ష్యం అవతలి చివర కనిపించే గీతలు. కణాలు ఎక్కువ పడిన చోటు ఒకటి, తక్కువ పడిన చోటు ఒకటి, మళ్ళీ ఎక్కువ, మళ్ళీ తక్కువ. దారిలో ఒక్క గాలి అణువు దాన్ని రాసుకున్నా, కణం వేడెక్కి కాస్త వెలుగు చిమ్మినా, జల్లెడ వెంట్రుక మందంలో వెయ్యో వంతు అదిరినా, గీతలు చెరిగిపోతాయి. ఇంత బరువైన కణాలతో ఆ గీతలు ఇంతవరకూ ఎవరూ చూడలేదు. చూడాలన్నది పెద్దమేడమ్ పంతం.

గొట్టంలో గాలి లేకుండా చూడటం పంపులక్క పని. పదకొండు పంపుల్లో ఏది మూలుగుతోందో మెట్ల మీదే చెప్పేసేది. అందుకే ఆ పేరు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడూ మరదలితో కలిసి ఒకే ఇంట్లో ఉంటోంది. తమ్ముడు ప్రయోగశాలకు వీధి అవతల ఉన్న కొలిమి కార్ఖానాలో మూడు టన్నుల సుత్తి నడుపుతాడు. ఎర్రగా కాలిన ఇనప దిమ్మెల మీద ఆ సుత్తి ఏడు సెకన్లకోసారి పడుతుంది. "మా ఇంట్లో ఒకళ్ళు భూమిని అదరగొడతారు, ఇంకొకళ్ళు అది అదరకుండా కాపలా కాస్తారు" అని మరదలు నవ్వుతూ చెప్పేది. ఆ మాటలో ఎంత నిజముందో అప్పటికి ఎవరికీ తెలియదు.

పానా విసిరిన రోజు సాయంత్రం పంపులక్క పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంది. ఏడాది మొత్తంలో గీతల ఛాయలు నాలుగుసార్లు కనిపించాయి. కనిపించినట్టే కనిపించి పోయాయి. ఆ నాలుగు రోజుల టైము చూసింది. నాలుగూ మధ్యాహ్నం పన్నెండున్నరకీ ఒంటిగంటకీ మధ్యవే. ఆ అరగంట కొలిమిలో భోజనాల విరామం. మూడు షిఫ్టుల్లో ఏ రోజైనా పగటిపూట సుత్తి ఆగేది అప్పుడొక్కటే. మిగతా రోజుల్లో ఆ వేళకి ప్రయోగశాల వాళ్ళూ కణాల్ని ఆపి తిండికి వెళ్ళేవాళ్ళు.

బల్ల కింద గాలి దిండ్లు అదురుని ఆపేస్తాయని అందరూ నమ్మారు. చిన్న కణాలతో చేసినప్పుడు ఆపాయి కూడా. ఈ బరువైనవి మెల్లగా పోతాయి, గొట్టంలో ఎక్కువసేపు ఉంటాయి. వాటికి ఆ మిగిలిన రవ్వంత అదురే చాలు.

రెండు రోజులు ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే సుత్తి ఆపమంటారు. సుత్తి ఆగితే పని పోయేది పగటి షిఫ్టులో ఉన్న తమ్ముడికే. చెప్పకపోతే మూడేళ్ళ తప్పు తన నెత్తిన ఉంటుంది, పంపులు సరిగా చూసుకోలేదని. మూడో రోజు పొద్దున్నే లెక్కలాయన పక్కకి కుర్చీ లాక్కుంది.

"సుత్తి పడ్డ వెంటనే రెండు సెకన్లలో వచ్చిన కణాల్ని తీసేసి, మిగతావే లెక్కపెట్టగలవా?"

"ఎందుకు?"

"ఎందుకో నువ్వే చెబుతువుగాని, ముందు తీసెయ్యి."

గంట తర్వాత తెర మీద సన్నగా, కానీ ఖాయంగా, గీతలు కనిపించాయి. పెద్దమేడమ్ వచ్చి నిలబడి చాలాసేపు చూసింది. క్షమించమని అడగలేదు. తన కుర్చీ లాగి పంపులక్కని కూర్చోబెట్టి, తానే వెళ్ళి టీ తెచ్చింది.

"నా పేరు బయటికి రానివ్వకండి మేడమ్. సుత్తి నడిపేది మా తమ్ముడు."

"రానివ్వను," అంది పెద్దమేడమ్.

నెలన్నరకి కలెక్టరు దగ్గర్నుంచి కార్ఖానాకి ఉత్తర్వు వచ్చింది. ఆరువారాల పాటు పొద్దున ఎనిమిది నుంచి రెండింటిదాకా సుత్తి ఆపాలి. కార్ఖానా యజమాని ఆ పూట షిఫ్టునే ఎత్తేశాడు. పద్దెనిమిది మందిని ఇళ్ళకు పొమ్మన్నాడు. ఉత్తర్వుతో పాటు పెద్దమేడమ్ పెట్టుకున్న అర్జీ కాపీని కూడా గేటుకు అంటించాడు. అందులో ఒక వాక్యం ఉంది. సుత్తి ఆగే భోజన సమయానికీ గీతలకూ ఉన్న సంబంధాన్ని మా పంపుల టెక్నీషియన్ కనిపెట్టింది, అని.

ఆ షిఫ్టు మేస్త్రీ దాన్ని బిగ్గరగా చదివాడు. భారీ మనిషి, ఇరవై ఆరేళ్ళుగా కొలిమిలో ఉన్నవాడు, ఎవరికైనా కష్టం వస్తే ముందు నిలబడేవాడు. చదవడం అయ్యాక తమ్ముడి వైపు తిరిగాడు.

"మీ అక్కే కదరా?"

"నాకు తెలీదు మేస్త్రీ. ఒట్టు. నాకు చెప్పలేదు."

"ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కుండలో వండుకుంటారు. నీకు తెలీదా?"

ఇద్దరు వెనక నుంచి రెక్కలు విరిచి పట్టుకుని గేటు దగ్గర్నుంచి కొలిమి దాకా ఈడ్చుకెళ్ళారు. మేస్త్రీ పొట్టలో మూడు గుద్దులు గుద్దాడు. తమ్ముడు మోకాళ్ళ మీద పడ్డాక తన్నడం మొదలుపెట్టారు. డొక్కలో ఎముక విరిగిన చప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళకు కూడా వినిపించింది. అంతటితో ఆగలేదు. కొలిమిలోంచి కాసేపటి కిందట తీసిన దిమ్మె ఇసుక మీద పడి ఉంది. ఎరుపు తగ్గి నల్లబడుతోంది. మేస్త్రీ అతని ఎడమ చెయ్యి పట్టుకుని అరచేతిని దానికి ఆనించాడు. ఒక్క క్షణం. తమ్ముడి అరుపుకి పట్టుకున్నవాళ్ళే భయపడి వదిలేశారు.

"రేపటినుంచి నువ్వు ఎవరి మనిషివో తేల్చుకో," అన్నాడు మేస్త్రీ.

ఇంటి తలుపు ఒక్క తాపుకి గడియ ఊడి తెరుచుకుంది. పంపులక్క స్టవ్ దగ్గర ఉంది. తమ్ముడి పెదవి చిట్లింది. చెయ్యి చుట్టూ ఎవరిదో చొక్కా. కాలిన మాంసం వాసన.

"నువ్వేనా?"

"ముందు కూర్చో. చెయ్యి చూడనీ."

"నువ్వేనా అని అడుగుతున్నా!"

"నేనే."

"నాకు ఒక్క మాట ముందు చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"చెబితే ఏం చేసేవాడివి? వద్దనేవాడివి. వద్దంటే ఆగిపోతానేమోనని భయమేసింది."

అతను కుడిచేత్తో కొట్టాడు. పిడికిలి బిగించి, సుత్తి లివరు లాగే చేత్తో, దవడ మీద. ఆమె గోడకు కొట్టుకుని కింద పడింది. నోట్లోంచి రెండు పళ్ళు నేల మీదికి వచ్చాయి. అతను మళ్ళీ వంగాడు. చిన్నప్పుడు నాన్న బెల్టు తీసినప్పుడల్లా అక్క వచ్చి తన మీద బోర్లా పడుకునేది. దెబ్బలన్నీ ఆమె వీపుకే. ఇప్పుడు ఆమె అలాగే మోకాళ్ళు ముడుచుకుని, తల చేతుల్లో దాచుకుంది. అది చూసి కూడా అతని చెయ్యి ఆగలేదు. భుజం మీద ఇంకొకటి పడింది.

లోపలి గదిలోంచి మరదలు స్టూలెత్తుకుని వచ్చింది. "ఇంకొక్క దెబ్బ పడిందో, నీ తల రెండు చెక్కలవుతుంది. దేవుడి మీద ఒట్టు."

అతను ఆగాడు. అక్కని చూశాడు. నేల మీది పళ్ళు చూశాడు. వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

మర్నాడు దవడకి కట్టుతో వచ్చిన పంపులక్కని చూసి పెద్దమేడమ్ మొహం తెల్లగా పాలిపోయింది.

"పేరు రాయలేదు కదా అనుకున్నాను," అంది.

"ఈ చుట్టుపక్కల పంపులు చూసేవాళ్ళు ఎంతమంది ఉన్నారు మేడమ్?" దవడ కదలక మాట ముద్దముద్దగా వచ్చింది. "సరే, అయిందేదో అయింది. చెయ్యాల్సింది చేద్దాం."

గొట్టాన్ని మూడు రోజులు వేడిచేసి గోడల్లో ఇంకిన ఆఖరి తేమ కూడా బయటికి లాగేశారు. నాలుగో రోజు పొద్దున ఎనిమిదింటికి సుత్తి ఆగింది. కణాల్ని వదిలారు. మూడో జల్లెడని వెంట్రుక మందంలో ఏ కొంతో పక్కకి జరపడం, లెక్కపెట్టడం. మళ్ళీ జరపడం, మళ్ళీ లెక్కపెట్టడం. లెక్క ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. తొమ్మిదింటికల్లా తెర మీద గీతలు దువ్వెన పళ్ళలా నిలబడ్డాయి. లెక్కలాయన కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. పెద్దమేడమ్ గట్టిగా మాట్లాడితే చెరిగిపోతాయన్నట్టు, "ఎంతసేపైంది?" అని గుసగుసగా అడిగింది.

"గంటా పది నిమిషాలు."

"సాగనీ. ఎవరూ కదలకండి."

రెండు గంటల ఇరవై నిమిషాలు సాగింది. అప్పుడు పైన ఏదో పడిన చప్పుడైంది. తర్వాత తలుపు దగ్గరి వాచ్‌మన్ కేక, పదిమంది బూట్ల చప్పుడు మెట్ల మీద. తెర మీద గీతలు ఒక్కొక్కటే చెదిరిపోయాయి. ఇనప తలుపుకి ఏడెనిమిది దెబ్బలు పడ్డాక తాళం ఊడింది.

ముందు మేస్త్రీ వచ్చాడు. వెనక గడ్డపారలు, ఇనపరాడ్లు పట్టుకున్నవాళ్ళు. వాళ్ళ మధ్య తమ్ముడు. ఎడమచేతికి కట్టు, కుడిచేతిలో సమ్మెట. ఆ సమ్మెట తల మీద తడి ఎర్రగా మెరుస్తోంది.

"ఇదేనా మన తిండి లాక్కున్నది?" అన్నాడు మేస్త్రీ గొట్టాన్ని చూసి. "మొదటి దెబ్బ నువ్వే వెయ్యరా. వేస్తే మావాడివి."

లెక్కలాయన లేచి అడ్డం వెళ్ళాడు. ఎవరో రాడ్డుతో భుజం మీద కొట్టారు. కీలు దగ్గర ఎముక విరిగి అతను బల్ల కాళ్ళ దగ్గర పడ్డాడు. పంపులక్క గొట్టానికి వీపు ఆనించి నిలబడింది.

"వినండి! దీన్ని కొట్టకండి. లోపల గాలి లేదు. గొట్టానికున్న ఈ కిటికీ అద్దం పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. దాని కింది పంపు నిమిషానికి యాభైవేల చుట్లు తిరుగుతోంది. ఆపమంటే ఆపుతాను, కానీ అది ఆగడానికే పది నిమిషాలు పడుతుంది. దండం పెడతాను, దూరం జరగండి!"

"భలే కథలు చెబుతుందే," అన్నాడొకడు.

తమ్ముడు దగ్గరికి వచ్చాడు. సమ్మెట ఎత్తాడు. ఇద్దరి మధ్యా బారెడు దూరం. ఆమె కట్టు కట్టిన దవడ పైకెత్తి అతని కళ్ళలోకి చూసింది. బతిమాలలేదు. "పక్కకి జరుగు అక్కా," అన్నాడు. ఆమె జరగలేదు. సమ్మెట మెల్లగా కిందికి దిగింది.

"ఇవ్వరా ఇలా, ఆడంగి!" మేస్త్రీ సమ్మెట లాక్కున్నాడు. తమ్ముడు అక్క చెయ్యి పట్టి తన వైపు లాగాడు. ఆ క్షణానే మేస్త్రీ అద్దం మీద బలమంతా వేసి కొట్టాడు.

పిడుగు పడ్డట్టు పేలింది. గాలి ఒక్క ఉదుటున లోపలికి దూసుకుపోయింది. గిరగిర తిరుగుతున్న పంపు రెక్కలు గాజుముక్కలకు తగిలి తునాతునకలయ్యాయి. తిరుగుడు ఒక్కసారిగా బిగుసుకునేసరికి ఆ ఊపంతా పంపు ఒంటికి ఎక్కింది. ఎనిమిది బోల్టులూ తెంపుకుని, నలభై కిలోల ఆ ఉక్కు పంపు మేస్త్రీ కుడి తొడలోకి దూసుకెళ్ళింది. అతను అరవలేదు. కూర్చున్నట్టుగా కింద పడ్డాడు. తొడ నుంచి రక్తం ఉండుండి పైకి చిమ్మింది.

వచ్చినవాళ్ళు రాడ్లు పారేసి మెట్లెక్కి పారిపోయారు. పెద్దమేడమ్ నుదుటి మీద గాజు గీసుకుపోయి కంట్లోకి రక్తం కారుతోంది. అలాగే తడుముకుంటూ ఫోను దగ్గరికి వెళ్ళి అంబులెన్సుని పిలిచింది.

పంపులక్క తన నడుము బెల్టు లాగి మేస్త్రీ తొడ పైభాగాన చుట్టి, పానా దూర్చి మెలిపెట్టింది. రక్తం తగ్గింది కానీ ఆగలేదు.

"తమ్ముడూ, ఇక్కడ నొక్కు. రెండు చేతులూ పెట్టి బరువంతా వెయ్యి."

"వీడికా?" తమ్ముడు కట్టు కట్టిన చెయ్యి చూపించాడు. "ఇది కాల్చింది వీడే. చావనీ."

"నొక్కరా!"

ఆ అరుపుకి అతను మోకాళ్ళ మీద పడ్డాడు. కాలిన అరచెయ్యి కింద పెట్టి, దాని మీద రెండోది పెట్టి నొక్కాడు. బాధకి అతని కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. మేస్త్రీ తల వెనక్కి వాలిపోయింది, స్పృహ లేదు. లెక్కలాయన బల్ల అవతల మూలుగుతున్నాడు. పెద్దమేడమ్ దారి చూపించడానికి పైకి వెళ్ళింది.

"అక్కా," అన్నాడు తమ్ముడు చాలాసేపటికి. "పైన వాచ్‌మన్ని నేనే కొట్టాను. తలుపు దగ్గర వెనక నుంచి. ఆయన నన్ను చూడలేదు. తిరుగుతుంటే కంటి మీద తగిలింది. చచ్చాడేమో."

ఆమె బెల్టు మీది పట్టు సడలనివ్వలేదు. పదకొండు నిమిషాలకి స్ట్రెచర్లు దిగాయి.

వాచ్‌మన్ చావలేదు. ఒక కన్ను పోయింది. మేస్త్రీ బతికాడు, కుడికాలు తొడ దాకా తీసేశారు. పదిమందినీ పట్టుకున్నారు. వాచ్‌మన్ని కొట్టిందెవరో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

విచారణకి ముందురోజు మరదలు పంపులక్క గదిలోకి వచ్చి కింద కూర్చుంది.

"వదినా, ఆయన మిమ్మల్ని లాగి కాపాడారు. మేస్త్రీని బతికించారు. అంతే చెప్పండి. అడిగినదానికే జవాబు చెప్పండి. మిగతాది మీకెందుకు?"

"అడిగితే?"

"తెలీదనండి. ఒక్క మాట వదినా. తెలీదు అంతే."

పంపులక్కకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెలీదు అనే మాట నాలుక మీద పెట్టుకుని చూసింది. అది అబద్ధంలా కూడా అనిపించలేదు, అంత తేలికగా ఉంది.

కోర్టులో మొదటి వరసలో వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున ఆమెకి తలుపు తీసినవాడు. కంటి మీద తెల్లటి పట్టీ. ఆమె బోనెక్కుతుంటే అలవాటు ప్రకారం సగం లేచి నిలబడబోయాడు, పక్కనున్న బెంచీ అంచు అందక తూలాడు. జడ్జి అడిగినవన్నీ ఆమె చెప్పింది. దవడ విరగ్గొట్టింది తమ్ముడే. సమ్మెట తెచ్చింది తమ్ముడే. గొట్టాన్ని అతను కొట్టలేదు. తనని లాగేశాడు. పదకొండు నిమిషాలు కాలిన చేత్తో నొక్కి పట్టాడు, లేకపోతే మేస్త్రీ బతికేవాడు కాదు.

"వాచ్‌మన్ని ఎవరు కొట్టారో మీకు తెలుసా?"

తమ్ముడు ఆమె వైపు చూడలేదు. తన చేతుల్ని చూసుకుంటున్నాడు.

"తెలుసు," అంది. "తమ్ముడే. నాకు తనే చెప్పాడు."

వెనక బెంచీ మీద మరదలి ఏడుపు వినిపించింది. మేస్త్రీ చక్రాల కుర్చీలోంచి మెడ తిప్పి పంపులక్కని వింతగా చూశాడు. తమ్ముడికి మూడేళ్ళు వేశారు. మేస్త్రీకి నాలుగు.

ఆ రెండు గంటల ఇరవై నిమిషాల లెక్కలే పెద్దమేడమ్‌కి సరిపోయాయి. అంత బరువైన కణం అలలా నడిచిందని నిరూపించడానికి ఇంకోసారి వదలాల్సిన అవసరం లేకపోయింది. వ్యాసం మీద ముగ్గురి పేర్లూ వేసింది. ఈసారి పంపులక్కని అడిగి మరీ వేసింది. కార్ఖానా సుత్తిని ఆవరణ అవతలి కొసకి మార్చి, కింద స్ప్రింగుల పునాది కట్టారు. పొద్దుటి షిఫ్టు మళ్ళీ మొదలైంది.

మరదలు ఎనిమిది నెలలు పంపులక్కతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో వేరే వేరే గిన్నెల్లో వండుకున్నారు. ఒకరోజు పొద్దున చెప్పులు వేసుకుంటూ, ఎటో చూస్తూ, "జైలుకి వెళుతున్నాను. వస్తే రండి," అంది.

ములాఖత్ గదిలో మధ్యన ఇనప వల. తమ్ముడు చిక్కిపోయాడు. అరచేతి మీద చర్మం ముడతలు పడి గులాబీ రంగులో ఉంది, వేళ్ళు పూర్తిగా చాచడానికి రావు. భార్యతో ఇంటి సంగతులు మాట్లాడాడు.

"వాచ్‌మన్ ఎలా ఉన్నాడు?" అన్నాడు చివరికి, అక్క వైపు చూడకుండా.

"గేటు దగ్గర డ్యూటీ మానేశాడు. స్టోర్లో వేశారు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగుతాడు. ఒకవైపు లోతు తెలీదట."

అతను తల ఊపాడు.

"నువ్వు చెప్పింది మంచిపనే అని మాత్రం నా నోట రాదు."

"నేను అడగలేదుగా."

"దవడ?"

"చలికి లాగుతుంది."

అతను ముడుచుకుపోయిన చేతిని వల మీద పెట్టాడు. ఆమె వెంటనే తన చెయ్యి కలపలేదు. కొట్టిన చెయ్యి కుడిది, ఇది ఎడమది అని ఒక్క క్షణం ఆలోచించింది. ఆ తర్వాత, టైమైపోయిందని వార్డరు కేకేసేలోగా, రెండు వేళ్ళు వలలోంచి దూర్చి ఆ ముడతల మీద ఆనించింది.